కత్తిపీటా ఆయుధమే!

బెజవాడ నుంచి పాపికొండల అడవికి డేరా సర్దుకునే ముందు చదవాల్సిన అయిదు సెక్షన్లు

‘‘సంక్రాంతి సెలవులకు కవర్ స్టోరీ. బెజవాడ నుంచి బయల్దేరి కొండల్లో రెండు రాత్రులు క్యాంపింగ్. నేషనల్ పార్కయితే మరీ మంచిది. డేరా, చలిమంట, నక్షత్రాలు... గురువారం పొద్దుటికల్లా కాపీ పంపేయండి.’’

ఎడిటర్ గారి మనసులో ఉన్న బొమ్మ ఏమిటో నాకు తెలుసు. ఎర్ర డేరా, దాని ముందు భగభగ మండే కట్టెలు, గిటార్ పట్టుకున్న కుర్రాడు. ఆ బొమ్మ మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు కొండంటే ఇంద్రకీలాద్రి, అడవంటే కొండపల్లి. కార్తీక మాసంలో ఉసిరిచెట్టు కింద విస్తళ్లు పరిచి, పులిహోర తిని, చీకటి పడకముందే ఇంటికి చేరడమే మనం చేసే అరణ్యవాసం. అడవిలో రాత్రి గడపడం వేరే సంగతి. ఆ రాత్రికి ఎవరి అనుమతి కావాలో కూడా మనలో చాలామందికి తెలీదు.

రాష్ట్రంలో నేషనల్ పార్కులు మూడు. శేషాచలం కొండల్లో శ్రీవెంకటేశ్వర పార్కు. కడప జిల్లాలో ప్రొద్దుటూరు దగ్గర రామేశ్వరం పార్కు, అది మొత్తం 2.4 చదరపు కిలోమీటర్లే. మూడోది గోదావరికి రెండు వైపులా పరుచుకున్న పాపికొండలు. బెజవాడ వాళ్లకు దగ్గర ఇదే. రాజమండ్రి దాకా రైలు, అక్కణ్నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి 80 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. పార్కు అంచున బస దొరికే ఊరు అదే.

మరి పార్కు లోపల మన డేరా మనం వేసుకోవచ్చా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తెరిచాను. ఒక్క పేరా చూసి మూసేద్దామనుకుంటే, వదలబుద్ధి కాలేదు. పిక్నిక్ సంచి విప్పి ఒక్కో వస్తువూ తీసి అడిగినట్టుంది ఆ రాసిన తీరు.

మొదట 27వ సెక్షన్. అభయారణ్యం కోసం రాసిందే అయినా, 35వ సెక్షన్ దాన్ని నేషనల్ పార్కుకూ వర్తింపజేసింది. పర్మిట్ లేకుండా లోపలికి వెళ్లగలిగేవాళ్లు కొద్దిమందే: డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి, అక్కడ ఉండేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒప్పుకున్నవాళ్లు, లోపల ఇల్లూ పొలం హక్కున్నవాళ్లు, వీళ్ల మీద ఆధారపడ్డవాళ్లు, ఇంకా... పబ్లిక్ రోడ్డు మీద అటునుంచి ఇటు సాగిపోయే బాటసారి. ఈ చివరివాడి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. బస్సు కిటికీలోంచి అడవిని చూస్తూ పోయేవాడిని చట్టం ఏమీ అడగదు. అదే మనిషి కారు పక్కకు ఆపి, రోడ్డు దిగి, నాలుగు చెట్లు దాటి స్టవ్ వెలిగించాడంటే ఇక బాటసారి కాడు. పర్మిట్ చూపించాలి. మన ఘాట్ రోడ్ల పక్కన ఆదివారం పూట కనిపించే పేపర్ ప్లేట్లలో ఎన్ని ఈ గీత అవతల ఉంటాయో!

పర్మిట్ ఎందుకిస్తారో 28వ సెక్షన్ అయిదు కారణాలు చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, ఆ తర్వాత నాలుగో స్థానంలో పర్యాటకం. అయిదోది, లోపల నివసించేవాళ్లతో చేసుకునే చట్టబద్ధమైన వ్యాపారం. కాబట్టి సరదాకు వచ్చినవాణ్ని చట్టం వద్దనలేదు. అడిగి రమ్మంది, అంతే. అడగకుండా వేసిన డేరా మాత్రం, అది ఎంత ఖరీదైనదైనా, చొరబాటే.

31వ సెక్షన్ ఆయుధంతో లోపలికి రావద్దంటుంది. మనకేం ఆయుధాలు అనుకుంటాం కదా. ఆయుధమంటే ఏమిటో చట్టం రెండో సెక్షన్లోనే చెప్పింది: తుపాకులు, మందుగుండు, విల్లంబులు, విషం, ఉచ్చులు... వాటి మధ్యలోనే గాలాలు, వలలు, కత్తులు. ఉల్లిపాయలు తరగడానికి సంచిలో పెట్టుకున్న చాకు ఆ జాబితాలో ఉంది. గోదావరి ఒడ్డున నాలుగు చేపలు పడదామని బావగారు తెచ్చిన గాలమూ ఉంది. కత్తిపీట కత్తి కాదు, పీట అని వాదించే పెద్దమ్మలు మా ఇంట్లోనే ఉన్నారు గానీ, రేంజర్ దగ్గర ఆ వాదన నిలబడుతుందని నాకు నమ్మకం లేదు. కూరగాయల చాకుకు కేసు పెడతారని నేననడం లేదు. కూరలు ఇంట్లోనే తరిగి డబ్బాల్లో సర్దుకుంటే సగం బరువూ తగ్గుతుంది, ఈ చర్చా తప్పుతుంది.

నిప్పు సంగతి 30వ సెక్షన్‌లో ఉంది. ఎడిటర్ గారి చలిమంట ఇక్కడే ఆరిపోయింది. అడవికి ప్రమాదమయ్యేలా నిప్పు రాజేయకూడదు, రాజేసిన నిప్పును మండుతుండగా వదిలిపోకూడదు. ‘ప్రమాదమయ్యేలా’ అన్నారు కదా, మేం జాగ్రత్తగానే వేస్తాం అనొచ్చు. ఏది జాగ్రత్తో తేల్చాల్సింది మనం కాదు. సంక్రాంతి నాటికి కొండల మీద గడ్డి ఎండడం మొదలవుతుంది. ఆపైన మే దాకా అటవీ సిబ్బందికి కునుకు పట్టని కాలం. బసలో వంటవాళ్లు పొయ్యి వెలిగించే చోటే మనమూ చేతులు కాచుకోవాలి. బొంగులో చికెన్ కావాలంటే మారేడుమిల్లి రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చి ఇచ్చేవాళ్లున్నారు. మనం మొదలుపెట్టక్కర్లేదు. వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడొద్దని 32వ సెక్షన్ అంటుంది. కొత్త సంవత్సరానికి సంచిలో టపాకాయలు సర్దుకునే కుర్రకారు ఇది రెండుసార్లు చదవాలి.

మళ్లీ 27కే వస్తాను, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అందులోని బాధ్యతల చిట్టా. అక్కడ ఉంటున్న ప్రతి మనిషీ నేరం జరగకుండా అడ్డుకోవాలి. జరిగిందనిపిస్తే నేరస్థుణ్ని పట్టుకోవడంలో సాయపడాలి. అడవి జంతువు చచ్చిపడి ఉంటే కబురు చెప్పి, అధికారి వచ్చేదాకా దాని కళేబరాన్ని కాపాడాలి. నిప్పు సంగతి తెలిస్తే ఆర్పాలి. రెండు రాత్రులుండే అతిథి ఈ ‘ఉంటున్న మనిషి’ కింద వస్తాడా అని లాయర్లు వాదించుకోవచ్చు. నా ఓటు మాత్రం వస్తాడనే. అద్దె కట్టాం కాబట్టి అడవి మనకు సేవ చేయాలన్న ధోరణికి ఇంతకంటే మంచి మందు లేదు. అదే సెక్షన్ చివర మరో వాక్యం. ఏ అడవి జంతువునీ కవ్వించకూడదు, హింసించకూడదు, నేల మీద చెత్త వేయకూడదు. కోతిని ఏడిపించడాన్నీ చిప్స్ ప్యాకెట్ విసరడాన్నీ ఒకే వాక్యంలో కట్టేశారంటే, ఈ చట్టం రాసినాయన ఎప్పుడో ఒకప్పుడు ఘాట్ రోడ్డు మీద మన వెనక కార్లో వచ్చి ఉండాలి.

ఇక చరిత్ర, గబగబా. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్కు. విస్తీర్ణం 1012 చదరపు కిలోమీటర్ల పైమాటే. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఉన్న నేల. ఒకప్పుడు లాంచీ ఎక్కి పేరంటాలపల్లి చూసి, కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో పడుకునేవారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. మునిగిన బోట్లు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం దాన్ని అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయింది. ఆ తర్వాత బోటు షికారు నిబంధనలు బిగిశాయి. మరోవైపు పోలవరం నీళ్లు నది ఒడ్డునే మార్చేస్తున్నాయి. కాబట్టి పదేళ్ల కిందటి యాత్రా కథనాలు పట్టుకుని ఎవరూ బయల్దేరకండి.

ప్లాన్ అంటారా? పార్కు లోపల సొంత డేరా ఆలోచన మానుకుని, మారేడుమిల్లి చుట్టుపక్కల అటవీ శాఖ, వన సంరక్షణ సమితుల బసల్లో ముందుగా గది పట్టుకోవడమే నా సలహా. వలమూరు దగ్గరి జంగిల్ స్టార్ లాంటి చోట్ల వాగు చప్పుడు వింటూ పడుకోవచ్చు. బెజవాడలో స్వెటర్ కొన్నవాణ్ని చూసి నవ్వుతాం గానీ అక్కడ జనవరి తెల్లవారుజాము నవ్వనివ్వదు. రగ్గులు, మంకీ క్యాపులు తీసుకెళ్లండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చట్టం చెప్పిన ‘వల’ ఇది కాదు లెండి. ఫోన్ సిగ్నల్ మీద, ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. స్టీలు పళ్లేలు తీసుకెళ్లి, తెచ్చిన ప్రతి కవరూ తిరుగు సంచిలో వేసుకు రండి.

బాక్స్ 1: దోర్నాల గేటు

కొండలే కావాలి, పార్కు కాకపోయినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకు నల్లమల ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు దేశంలోకెల్లా పెద్దది. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, గిద్దలూరు-నంద్యాల దారిలో పచ్చర్ల అటవీ శాఖ క్యాంపులు. మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్లే బెజవాడ వాళ్లకు దోర్నాల గేటు బాగా తెలుసు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి రోడ్డు మూత. బాటసారికి చట్టమిచ్చిన వెసులుబాటు కూడా అక్కడ తెల్లారేదాకా ఆగాల్సిందే. క్యాంపింగ్ మనకు కొత్త అనేవాళ్లు శివరాత్రికి ఆత్మకూరు వైపు వెళ్లి చూడాలి. వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచే భక్తులు చెట్ల కిందే పడుకుంటారు. డేరా అడిగేవాళ్లు తక్కువ.

బాక్స్ 2: యోసెమిటీలో ఆవకాయ

కాలిఫోర్నియాలో పిల్లలున్న ఇళ్లలో ‘క్యాంప్‌గ్రౌండ్’ మాట ఇప్పుడు మామూలే. అక్కడి యోసెమిటీ నేషనల్ పార్కు లోయలో, అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు కోసం అయిదు నెలల ముందే, 15వ తేదీ ఉదయం 7 గంటలకు బుకింగ్ తెరుస్తారు. వేసవి వేళల్లో మనకది రాత్రి ఏడున్నర. ఇక్కడి అమ్మానాన్నల్నీ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టే కొడుకులున్నారంటే నమ్మొచ్చు. ఒక్కో చోట ఆరుగురికే అనుమతి. అక్కడ నల్ల ఎలుగుకు మనిషి తిండి రుచి తెలుసు. అందుకే ప్రతి డేరా దగ్గరా ఇనుప పెట్టె ఉంటుంది. తిండి, సబ్బు, టూత్‌పేస్టు... వాసన వచ్చేదంతా అందులో పెట్టాల్సిందే. రాత్రిళ్లు కారులో వదలకూడదు. అంటే నూజివీడు మామిడికాయతో పెట్టిన ఆవకాయ సీసా కూడా. పాపికొండల ఎలుగుబంటి వేరు. చెదలు, తేనె, ఇప్పపూలు దాని భోజనం. మన సీసా కోసం రాదు గానీ, మలుపులో హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది. చీకట్లో బయటికి వెళ్లాల్సి వస్తే టార్చి వేసుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి.