జపాను గృహ వంటకాలలో టోఫు: నీరు, వేడి, ఉప్పుల పాత్ర

ఉపోద్ఘాతం

సోయాచిక్కుడు పాలను గడ్డకట్టించి తయారుచేసే టోఫు చైనాలో పుట్టి జపానుకు చేరిన ఆహారపదార్థం. జపానులో దీని తొలి ప్రస్తావన 1183 నాటి కసుగా దేవాలయపు రాతలలో కనిపిస్తుంది. 1782లో ఒసాకాలో వెలువడిన 'టోఫు హ్యకుచిన్' అనే గ్రంథంలో నూరు టోఫు వంటకాలు వివరించబడ్డాయి. అయితే జపాను ఇళ్ళలో తరచుగా చేసుకునే టోఫు వంటకాలు కొన్నే. వాటిలో కొన్నింటిలో నూనె దాదాపు ఉండదు. టోఫు ఆరోగ్యకరమని చెప్పినంత మాత్రాన సరిపోదు. దానిలోని నీరు, దానికి తగిలే వేడి, దానిపై చేరే ఉప్పు - ఈ మూడింటిని బట్టే వంటకం రుచి, పోషక ప్రయోజనం నిర్ణయమవుతాయి. ఆ సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

టోఫు నిర్మాణం, రకాలు

నానబెట్టిన సోయాచిక్కుడును రుబ్బి, మరిగించి వడకట్టగా పాలు లభిస్తాయి. మిగిలిన పిప్పిని జపానులో 'ఒకారా' అంటారు. దానిని కూడా కూరగా వండుకుంటారు. మరిగించడం వలన మాంసకృత్తుల జీర్ణక్రియకు అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు చాలావరకు నిర్వీర్యమవుతాయి. అదే వేడికి గ్లైసినిన్, బీటా-కాన్‌గ్లైసినిన్ అనే మాంసకృత్తుల మడతలు విప్పుకుంటాయి. అప్పుడు 'నిగారి' కలిపితే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని, నీటిని, కొవ్వును తమలో బంధించుకొన్న మెత్తని గడ్డగా మారతాయి. సముద్రపు నీటి నుండి ఉప్పు తీయగా మిగిలే ద్రవమే నిగారి. అందులో ప్రధానంగా ఉండేది మెగ్నీషియం క్లోరైడు. కొన్నిచోట్ల కాల్షియం సల్ఫేటును కూడా వాడతారు. అందువలన టోఫులో కాల్షియం ఎంత ఉన్నదనేది గడ్డకట్టించిన పదార్థాన్ని బట్టి మారుతుంది.

గడ్డను విరిచి, గుడ్డ పరచిన పెట్టెలో పోసి బరువుతో నొక్కినది 'మోమెన్' టోఫు. చిక్కని పాలను అచ్చులోనే గడ్డకట్టించి, నొక్కకుండా ఉంచినది 'కినుగోషి'. దీనిని పట్టుగుడ్డలో వడకట్టరు. పట్టువంటి నునుపు వలన ఆ పేరు వచ్చింది. 100 గ్రాముల మోమెన్‌లో సుమారు 7 గ్రాములు, కినుగోషిలో సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఈ తేడాకు ముఖ్య కారణం నీటి శాతమే.

మూడు గృహ వంటకాలు

హియయాక్కో: ఇది వేసవి వంటకం. చల్లని కినుగోషి ముక్కపై తురిమిన అల్లం, సన్నగా తరిగిన ఉల్లికాడలు, ఎండబెట్టిన బోనిటో చేప పలుచని పొరలు చల్లి, కొద్దిగా సోయా సాస్ వేస్తారు. శాకాహారులు చేప పొరలను మానివేయవచ్చు. వండకుండా తినే వంటకం కనుక టోఫు తాజాగా ఉండాలి. విప్పిన టోఫును శుభ్రమైన నీటిలో మునిగేలా ఉంచి, శీతలీకరణ పెట్టెలో భద్రపరచి, నీటిని రోజూ మార్చాలి. పుల్లని వాసన, జిగురు కనిపించినచో వాడరాదు.

యుదోఫు: ఇది చలికాలపు వంటకం, క్యోటోలోని నాన్జెన్-జి దేవాలయ పరిసరాలు దీనికి ప్రసిద్ధి. మట్టిపాత్రలో నీరు పోసి, 'కొంబు' అనే ఎండిన సముద్రపు నాచు ముక్క వేసి, టోఫు ముక్కలను సన్నని సెగపై వేడిచేస్తారు. ముక్కలు నీటిలో కదలాడుతుండగానే తీసి తినాలి. ఎక్కువసేపు మరిగితే టోఫులో మిగిలిన మెగ్నీషియం లేదా కాల్షియం మాంసకృత్తులను మరింత బిగిస్తుంది. నీరు బయటకు పోయి, ముక్క గట్టిపడి, లోపల రంధ్రాలు ఏర్పడతాయి. నీటిలో చిటికెడు ఉప్పు వేస్తే ఈ బిగింపు కొంత తగ్గుతుంది.

షిరాఎ: ఇందులో టోఫు పచ్చడి వలె కలిసిపోతుంది. 150 గ్రాముల మోమెన్ టోఫును గుడ్డలో చుట్టి, బరువు పెట్టి అరగంట ఉంచి నీరు తీయాలి. వేయించి నూరిన నువ్వులు రెండు పెద్ద చెంచాలు, చక్కెర ఒక చిన్న చెంచా, సోయా సాస్ ఒక చిన్న చెంచా చేర్చి మెత్తగా నూరాలి. ఉడికించి నీరు పిండిన పాలకూర, క్యారెట్ ముక్కలను అందులో కలపాలి. నీరు సరిగా తీయనిచో కొద్దిసేపటికే వంటకం జారుగా మారి రుచి పలుచబడుతుంది.

ఉప్పు విషయంలో జాగ్రత్త

టోఫులో సహజంగా ఉప్పు అత్యల్పం. అది చేరేది పైన వేసే పదార్థాల నుండి. సాధారణ సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు సూచించినందున, ఒక్క చెంచాతోనే సగం పరిమితి పూర్తవుతుంది. అందుచేత సాస్‌ను ముక్కపై ధారగా పోయక, చిన్న గిన్నెలో ఉంచి అద్దుకొనడం మేలు. అల్లం, నువ్వులు, ఉల్లికాడల ఘాటు ఉప్పు లోటును కొంత భర్తీ చేస్తుంది. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది కనుక గోధుమ సరిపడనివారు, సోయా సరిపడనివారు ఈ వంటకాలకు దూరంగా ఉండాలి.

మన ప్రాంతానికి అన్వయం

ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా ఆదిలాబాద్ ప్రాంతంలో, సోయాచిక్కుడు ఖరీఫ్ పంటగా సాగవుతున్నది. మన దేశంలో ఈ పంటలో అధిక భాగం నూనె తీతకు, మిగిలిన పిండి పశువుల, కోళ్ళ దాణాకు పోతుంది. పండించిన ఇంటి వంటలోకి చేరేది తక్కువ. బియ్యంలో కొరతగా ఉండే లైసిన్ సోయాలో పుష్కలం. సోయాలో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో లభిస్తుంది. కావున జపానులో వలెనే మన అన్నపు భోజనానికి కూడా టోఫు తగిన జోడు.

మన అంగళ్ళలో 'సోయా పనీరు' పేరుతో లభించేది సాధారణంగా గట్టి రకం. అది షిరాఎకు చక్కగా సరిపోతుంది; హియయాక్కోకు అంతగా సరిపోదు. విస్తరణ కార్యకర్తలు టోఫును పరిచయం చేసేటప్పుడు పోషక విలువల పట్టికతో ఆగక, నీరు తీయడం, సన్నని సెగ, ఉప్పు కొలత అనే మూడు పనులను ప్రదర్శించి చూపాలి. రుచిగా వండడం తెలిసినప్పుడే కొత్త ఆహారం ఇంటి అలవాటుగా నిలుస్తుంది.