శిక్ష ఎవరి చేతిలో ఉంది?

మనుషులు రక్తసంబంధం లేనివాళ్లతో కూడా కలిసి చెరువు తవ్వుకుంటారు, కాలవ పూడిక తీసుకుంటారు, ఆపదలో ఆదుకుంటారు. ఈ సహకారం ఎలా పుట్టింది, ఎలా నిలబడుతోంది అన్న ప్రశ్నకు పరిణామ శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు ముఖ్యంగా రెండు జవాబులు చెప్తున్నారు. ఒకటి శిక్ష, రెండోది పేరు. ఈ రెండూ దళితులకు పుస్తకాల్లోంచి తెలిసిన సంగతులు కావు. అందుకే ఈ సిద్ధాంతాన్ని వాడలోంచి చదవాలని మేం అంటున్నాం.

ముందు సిద్ధాంతం ఏం చెప్తోందో చూద్దాం. ఎర్న్‌స్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ స్విట్జర్లాండులో విద్యార్థులతో చేసిన ప్రయోగం 2002లో అచ్చయింది. నలుగురేసి ఒక జట్టు. ఉమ్మడి నిధిలో ఒకరు రూపాయి వేస్తే నలుగురికీ తలా 40 పైసలు వస్తాయనుకోండి. జట్టుకి రూపాయి అరవై లాభం, వేసినవాడికి మాత్రం అరవై పైసలు నష్టం. తాను వేయకుండా ఇతరులు వేసింది తినేవాడిదే పైచేయి. శిక్ష లేనప్పుడు ఆట సాగేకొద్దీ నిధి ఎండిపోయింది. తన సొమ్ము ఒక వంతు ఖర్చుపెట్టి, ఎగ్గొట్టినవాడి సొమ్ము మూడొంతులు కోయించే వీలు ఇచ్చేసరికి నిధి నిండింది. ఇక 1998లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ పేరు సంగతి లెక్కగట్టి చూపారు. ఎవడు ఎవరికి సాయం చేశాడో పదిమందికీ తెలిస్తే, మంచిపేరున్నవాడికి సంబంధం లేని మూడోవాడు కూడా సాయపడతాడు.

బాగానే ఉంది. కాని ఆ ఆటలో నలుగురూ సమానులు. మన ఊళ్లో?

కట్టుబాటు ఏదైనా నిలుస్తుంది

రాబర్ట్ బాయిడ్, పీటర్ రిచర్సన్ 1992లో తమ వ్యాసం శీర్షికలోనే అసలు గుట్టు చెప్పారు. శిక్ష సహకారాన్నే కాదు, దేన్నయినా నిలబెట్టగలదు. తప్పు చేసినవాడితోపాటు, వాణ్ణి శిక్షించనివాణ్ణి కూడా శిక్షిస్తే చాలు. అంతకుముందే, 1976లో, జార్జ్ ఎకర్లాఫ్ కులాన్ని ఈ పద్ధతిలోనే వివరించాడు. కట్టుబాటు తప్పినవాణ్ణీ, వాడితో లావాదేవీ పెట్టుకున్నవాణ్ణీ వెలేస్తారన్న భయం ఉంటే, మనసులో కులాన్ని నమ్మనివాడు కూడా దాన్ని పాటిస్తాడు. వాడ మీద వెలి పెట్టినప్పుడు సరుకు అమ్మిన కొట్టువాడికీ, పని ఇచ్చిన రైతుకీ జరిమానా ఉంటుందని చాటించేది ఇందుకే.

మన భాషలో వెలి అంటే శిక్ష. మరి మన నివాసానికి వెలివాడ అని పేరెందుకు వచ్చింది? ఏ నేరమూ చేయకముందే, పుట్టుకతోనే పడిన శిక్ష అది. ఉమ్మడి నిధిలో ఏమీ వేయకుండా తినేవాడికి శిక్ష పడాలని సిద్ధాంతం అంటుంది. నాట్లేసి, కోతకోసి, చచ్చిన గొడ్డును మోసి ఊరికి అందరికన్నా ఎక్కువ ఇచ్చినవాళ్లు వెలివాడలో ఉన్నారు. ఎగ్గొట్టినవాళ్లు నడిఊళ్లో ఉన్నారు.

పేరు సంగతీ అంతే. చేసిన పనిని చూసి పేరు రావాలి. కులం ఆ పని లేకుండానే, బిడ్డ కళ్లు తెరవకముందే పేరు పెట్టేస్తుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టంతో దీన్ని శాసనంగానే మార్చింది. ఎరుకల వంటి జాతులు మొత్తంగా ఈ ముద్ర మోశాయి. చట్టం 1952లో రద్దయింది, ముద్ర మాత్రం పోలేదు.

ప్రశ్నించినవాళ్లకే శిక్ష

1985 జులైలో కారంచేడులో ఏం జరిగింది? దళితులు తాగే చెరువు నీళ్లను మురికి చేస్తుంటే ఒక దళిత యువకుడు అదేమని అడిగాడు. అతన్ని కొడుతుంటే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. శాస్త్రజ్ఞుల భాషలో చెప్పాలంటే ఉమ్మడి వనరును పాడుచేసేవాణ్ణి సొంత నష్టానికి ఓర్చి అడ్డుకున్నది వీళ్లే. వీళ్లను సంఘం మెచ్చుకోవాలి. మర్నాడు, జులై 17న, భూస్వాములు ఆరుగురు దళితుల్ని చంపారు. చుండూరులో సినిమా హాల్లో మొదలైన తగాదా తర్వాత దళితుల్ని వెలేశారు, పనులు ఆపేశారు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు.

ఈ నేపథ్యంలోనే 2011లో వచ్చిన ఒక పరిశోధనను చూడాలి. కార్లా హాఫ్, మయూరేశ్ క్షేత్రమాడే, ఫెర్ ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ప్రయోగం చేశారు. తమ కులంవాడికి అన్యాయం జరిగినప్పుడు అన్యాయం చేసినవాణ్ణి శిక్షించడానికి అగ్రకులాలవాళ్లు చూపిన సంసిద్ధతతో పోలిస్తే, అట్టడుగు కులాలవాళ్లు చూపింది చాలా తక్కువ. ఆస్తి, చదువు తేడాలు లెక్కలోకి తీసుకున్నా అంతే. దీన్ని చూపి దళితుల్లో ఐక్యత లేదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. అడిగినప్పుడల్లా తరతరాలుగా తన్నులు తిన్నవాడు చెయ్యెత్తేముందు ఆలోచించడా? ఇది స్వభావం కాదు, చరిత్ర.

మరి ఏం చేయాలి?

అంబేడ్కర్‌కి ఈ సంగతి ముందే తెలుసు. 1930లో రౌండ్ టేబుల్ సమావేశం ముందుంచిన రక్షణల పథకంలో వెలిని నేరం చేయాలని అడిగారు. 1922 నాటి బర్మా చట్టాన్ని నమూనాగా చూపారు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఈ విషయాన్ని కొంతవరకే ముట్టుకుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలోకి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ సూటిగా ఒక నేరంగా చేరింది 2015 సవరణతోనే. 85 ఏళ్లు పట్టింది!

చట్టం ఒక్కటే చాలదని చుండూరు చెప్తోంది. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఒంటరిగా శిక్షించబోయినవాడు నష్టపోతాడు, ఆ ఖర్చును నలుగురూ పంచుకుంటే అది భరించగలిగేదవుతుంది. సిద్ధాంతంలో మనకు పనికొచ్చే పాఠం ఇదే. కారంచేడు బాధితులు చీరాల శిబిరంలో కలిసి నిలబడడం, ఆ ఉద్యమంలోంచి దళిత మహాసభ పుట్టడం ఈ పాఠానికి మన రుజువు. కాబట్టి వెలి పెట్టిన రోజునే తేదీ, చాటింపు మాటలు, పని ఆపినవాళ్ల పేర్లు, సరుకు ఇవ్వని కొట్ల పేర్లు రాసిపెట్టాలి. రచ్చబండ రాజీకి బాధితుణ్ణి ఒక్కణ్ణే పంపకూడదు. ఆ రోజుల కూలి నష్టం పక్క ఊళ్ల వాడలు కూడా మోయాలి. సాక్షి చెప్పినవాళ్లను సంఘం కాపాడాలి, వాళ్ల పేరు నిలబెట్టాలి. అప్పుడే పరువనే మాటకు మన అర్థం వస్తుంది.