5 గ్రాముల బంతి, పైన ఒక పెంకు

కన్ను తీసేశాక పెట్టేవి రెండు. గుంటలో కండరాల నడుమ ఆపరేషన్‌తో అమర్చే గుండ్రటి బంతి ఒకటి. అది ఎవరికీ కనిపించదు. రెండోది రెప్పల వెనక తొడుక్కునే రంగుల పెంకు. ఖర్చెంతని అడిగేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

పెద్దవాళ్ల కనుగుడ్డు అడ్డుకొలత సుమారు 24 మి.మీ., పరిమాణం దాదాపు 7 మి.లీ. ఆ ఖాళీలో 18 మి.మీ. బంతి పెడితే 3 మి.లీ. మాత్రమే నిండుతుంది. 20 మి.మీ. బంతితో 4.2, 22తో 5.6. అడ్డుకొలతలో 4 మి.మీ. తేడాకే నిండే చోటు రెట్టింపుకు దగ్గరవుతుంది. మిగతాది పెంకు పూడ్చాలి. బంతి చిన్నదైతే పెంకు మందమై, ఆ బరువుకు కింది రెప్ప జారుతుంది, పై రెప్ప లోపలికి పోతుంది. మరీ పెద్దదైతే పైపొర బిగిసి చిట్లి, బంతి బయటపడే ప్రమాదముంది.

1885లో ఇంగ్లండ్ సర్జన్ మ్యూల్స్ బోలు గాజు గోళం పెట్టాడు. పెంకులూ గాజువే, జర్మనీ నుంచి వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా ఆగిపోతే, అమెరికా సైన్యంలోని పళ్ల డాక్టర్లు కట్టుడు పళ్లకు వాడే అక్రిలిక్‌తోనే కళ్లు చేశారు. అదే పీఎంఎంఏ. ఈనాటి పెంకుల్లో ఎక్కువ భాగం దానితో చేసినవే, లోపలి బంతికీ అదే పనికొస్తుంది. 20 మి.మీ. బంతి బరువు 5 గ్రాములు.

1980లలో పగడం నుంచి తీసిన హైడ్రాక్సీఅపటైట్ వచ్చింది. దానిలో అర మి.మీ. వెడల్పు రంధ్రాలుంటాయి, వాటిలోకి రక్తనాళాలు పాకి బంతిని పట్టి ఉంచుతాయి. తర్వాత రంధ్రాల పాలిథిలీన్ వచ్చింది. ఇవి అక్రిలిక్ కంటే చాలా ఖరీదు.

ఖరీదైనదే బాగా కదులుతుందా? హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు 150 మందిని మూడు గుంపులు చేసి పరీక్షించారు. 2010లో ఫలితం వెలువడింది. కండరాలను కుట్టే పద్ధతి మారిస్తే అక్రిలిక్ బంతి కూడా పాలిథిలీన్ బంతితో సమానంగా కదిలింది. నా దృష్టిలో ఇదే అసలు సమాచారం: తేడా సరుకులో కంటే కుట్టులో ఉంది.

ఇక పెంకు. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు గుంట మానాలి. అప్పుడు అచ్చు తీసి, మైనంతో సరిచేసి, రెండో కన్ను చూస్తూ రంగులేస్తారు. ఎర్రటి సన్న దారాలతో రక్తనాళాలూ పెడతారు. రెడీమేడ్‌వి చవకే, కానీ అవతలివాళ్ల కాలికి చేసిన చెప్పుల్లాంటివి. ఏడాదికోసారి పాలిష్ చేయించాలి, దాదాపు ఐదేళ్లకు మార్చాలి. పిల్లలకు ఎముక పెరుగుతుంది కాబట్టి ఇంకా ముందే.

కొత్తగూడెం వాళ్లకు పక్కనే పాల్వంచలో ఎల్.వి. ప్రసాద్ సంస్థకు చెందిన నవభారత్ కేంద్రం ఉంది, కంటి పరీక్షకు అక్కడికెళ్లొచ్చు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌ను ‘బంతి ఎన్ని మి.మీ.?’ అని అడగండి. తర్వాత, పవర్ లేకపోయినా సరే, పాలికార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోండి. మిగిలిన కన్ను ఒక్కటే.