తాండూరులో కొట్టుకున్న సెంటు లింగంపల్లిలో ఎలా ఉంటుంది?

పొద్దున్నే తాండూరులో రైలెక్కారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, ఇంట్లోంచి బయల్దేరే ముందు మెడ చుట్టూ నాలుగైదుసార్లు కొట్టుకున్న సెంటు. వికారాబాద్ వచ్చేసరికి బోగీ కిక్కిరిసిపోయింది. లింగంపల్లిలో దిగి, బస్సో ఆటోనో పట్టుకుని ఇంటర్వ్యూ గది ముందు కూర్చునేసరికి మూడు గంటలు దాటింది. ఇప్పుడు మీ దగ్గర ఏ వాసన వస్తోంది? మీరు చెప్పలేరు. ఒకే వాసన కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఎదుటివాళ్లకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

నా తొలి ఇంటర్వ్యూలో ఇదే జరిగింది. సెంటు వాసన పోయిందేమోనని లోపలికెళ్లే ముందు బాత్‌రూమ్‌లో మరో రెండుసార్లు కొట్టుకున్నా. ఏసీ గది, తలుపులు మూసి ఉన్నాయి. ప్యానెల్‌లో ఒకావిడ వరసగా తుమ్మి, కుర్చీ వెనక్కి జరుపుకొన్నారు. నా ప్రాజెక్టు గురించి చెప్పిందాంట్లో ఆవిడ ఎంత విన్నారో తెలియదు. ఉద్యోగం రాలేదు. సెంటు వల్లేనని అనను గానీ, ఆ తుమ్ములు ఇప్పటికీ గుర్తే.

అందుకే షాపులో బాగుందని అక్కడికక్కడే కొనేయకండి. మూడు గంటల తర్వాత మీ ఒంటిమీద ఎలా ఉందో చూసి కొనండి.

మొదటి వాసనకే పడిపోతే...

సెంటు కొట్టగానే ముక్కుకు తగిలేవి నిమ్మ, నారింజ లాంటి తేలికపాటి వాసనలు. చాలావరకు పావుగంటలో ఎగిరిపోతాయి. తర్వాత పూలు, మసాలా దినుసుల వాసనలు బయటికొస్తాయి. సాయంత్రం దాకా చొక్కాకు అంటుకుని ఉండేవి గంధం, కస్తూరి, వెనీలా లాంటి బరువైనవి. మీరు రోజంతా మోసేది వీటినే. సేల్స్‌మన్ చూపించేది మాత్రం ఆ మొదటి పావుగంటనే!

కాబట్టి ముందు కాగితపు పట్టీల మీద మూడింటికి మించకుండా వాసన చూడండి. అంతకన్నా ఎక్కువైతే ముక్కుకు తేడా తెలియదు. నచ్చిన రెండింటిని చెరో మణికట్టు మీద ఒక్కసారి కొట్టించుకుని బయటికి వచ్చేయండి. రుద్దొద్దు. బజారులో తిరగండి, చాయ్ తాగండి, ఇంటికెళ్లి అమ్మనో రూమ్మేట్‌నో అడగండి. మర్నాటికి చర్మం మీద దురద, ఎర్రదనం లేకపోతే అప్పుడు కొనొచ్చు. మధ్యమధ్యలో వాసన చూడమని కొన్ని షాపుల్లో కాఫీ గింజలిస్తారు. బయటికెళ్లి మామూలు గాలి పీల్చుకున్నా అదే పని జరుగుతుంది.

సీసా మీది అక్షరాలూ చూడండి. ఈడీటీ అంటే సుగంధ తైలం సుమారు 5 నుంచి 15 శాతం, ఈడీపీ అంటే 15 నుంచి 20 శాతం. ఈడీపీ సాధారణంగా ఎక్కువసేపు నిలుస్తుంది, ధరా ఎక్కువే. ఇంటర్వ్యూకి తేలికపాటి ఈడీటీ చాలు. స్నానం చేశాక, చొక్కా వేసుకునే ముందు, ఛాతీ మీద రెండుసార్లు. అంతే. చెమటను సెంటుతో కప్పేద్దామనుకోకండి, రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది. చంకలకు డియోడరెంట్ వేరే రాసుకోండి. రైలు ప్రయాణమైతే ఇంకో చొక్కా బ్యాగులో పెట్టుకోండి.

కాలం కూడా చూడాలి. చలికాలం అనంతగిరి గాలిలో హాయిగా అనిపించిన తియ్యటి వెనీలా వాసన, ఏప్రిల్‌లో నాపరాళ్లు సెగలు కక్కే తాండూరు ఎండకు తలనొప్పి తెప్పిస్తుంది. ఎండాకాలానికి నిమ్మజాతి వాసనలో, వట్టివేరో నయం.

మూడు మిల్లీలీటర్ల అత్తరు

బడ్జెట్ తక్కువా? ఎలాగూ హైదరాబాద్ వెళ్తున్నారు కదా, చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలు చూడండి. 3, 6, 12 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో అమ్ముతారు. అత్తరు నూనెలా ఉంటుంది, ఆల్కహాల్ ఉండదు, ఒక్క చుక్క చాలు. దూదిలో ముంచి చెవి మడతలో పెట్టుకోవడం పాత పద్ధతి. అయితే స్వచ్ఛమైన గులాబీ అత్తరు చాలా ఖరీదు. వంద రూపాయలకే 'అసలు సిసలు గులాబీ' అంటే అది ల్యాబులో తయారైన వాసనే. అదేం తప్పు కాదు, ఆ ధరకు కొనుక్కోండి. బేరంలో మాత్రం మోసపోకండి.

ఫుట్‌పాత్ మీద 'ఫస్ట్ కాపీ' అంటూ అమ్మే విదేశీ బ్రాండ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. డబ్బా మీద బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉన్నాయో లేదో చూసుకోండి.

అత్తర్లకు పేరున్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. అక్కడి పరిమళానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. కెమిస్ట్రీ చదివేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. 1991లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ ఫ్రాగ్రెన్స్ అండ్ ఫ్లేవర్ డెవలప్‌మెంట్ సెంటర్ ఆ ఊళ్లోనే ఉంది. సుగంధ పరిశ్రమకు సంబంధించిన కోర్సులు నడుపుతోంది. సబ్బులు, అగరుబత్తులు, షాంపూలు, బిస్కెట్లు... వీటన్నిటికీ వాసనలు కూర్చేవాళ్లు కావాలి మరి.

ఇచ్చేటప్పుడు

ఇక బహుమతి. నిజం చెప్పాలంటే సెంటును సర్‌ప్రైజ్‌గా ఇవ్వడం జూదమే. ఉద్యోగం వచ్చిన ఫ్రెండ్‌కి ఇద్దామనుకుంటే, వాళ్లు ఇప్పుడు వాడుతున్నదేంటో ఓ కంట కనిపెట్టండి. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నాయేమో కనుక్కోండి. పెద్ద సీసా బదులు చిన్నది కొనండి, బిల్లు దాచండి.

తొలి జీతంతో నాన్నకు ఇద్దామనుకుంటున్నారా? జీవితంలో సెంటు వాడని మనిషి ఈడీపీ సీసా చూసి 'ఇది నాకెందుకురా' అంటారు. ఆయనకు మిట్టీ అత్తరు తీసుకెళ్లండి. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని సంప్రదాయంగా గంధపు నూనెలోకి పట్టి దీన్ని తయారుచేస్తారు. మూత తీస్తే తొలకరికి తడిసిన కంది చేను వాసన. ఆయన ఒంటికి రాసుకోకపోవచ్చు. మీరు హైదరాబాద్ రైలెక్కాక మాత్రం ఒకసారి మూత తీసి చూస్తారు.