కాలదోషము పట్టిన మాట

న్యాయవిషయములపై శ్రోతల ప్రశ్నలకు సమాధానము లిచ్చు కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న రూపములు మార్చుకొని మరల మరల కనబడుచుండును. "మా తండ్రిగారు ఫలానావారి వద్ద నోటు వ్రాసి అప్పు తీసికొనిరి. నోటు వ్రాసి అయిదేండ్లయినది. ఇప్పుడు మేము ఇయ్యవలసి యున్నదా?" వకీలుగారి సమాధానము క్లుప్తముగ నుండును: మూడు సంవత్సరములు దాటినవి, నడుమ చెల్లు లేదు, కావున నోటుకు కాలదోషము పట్టినది, దావా నిలువదు. సమాధానము సరియైనదే. అయినను ఆ ఉత్తరములు చదివినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. దావా నిలువదని తెలిసికొనుటకే అయినచో ఊరిలో దస్తావేజులు వ్రాయు ఏ లేఖరి నడిగినను చెప్పును. రేడియోకు వ్రాయువాడు వేరొక మాట వినగోరుచున్నాడేమో! "ఇయ్యనక్కరలేదు" అనుదానితోపాటు "ఇయ్యకున్నను నీ పరువునకు లోటు లేదు" అని కూడ ఎవరైన అనిన బాగుండునని అతని కోరిక కావచ్చును. ఆ రెండవ మాట చెప్పు అధికారము వకీలుగారికి లేదు.

నోటు సంగతి మన పాఠకులలో పెక్కురకు తెలిసినదే. రెవిన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగ సంతకము చేసి, అడిగినప్పుడు ఇత్తునని వ్రాసియిచ్చు కాగితము అది. వ్రాసిన నాటినుండి మూడు సంవత్సరములలోపల దావా వేయవలెనని 1908 నాటి కాలపరిమితి చట్టము చెప్పినది. దాని స్థానమున వచ్చిన 1963 నాటి చట్టమును అదియే చెప్పుచున్నది. గడువు లోపల కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతి నోటు వెనుక తన చేతితో వ్రాసియో సంతకము చేసియో ఇచ్చినచో, ఆ దినమునుండి మరల మూడేండ్లు. అందుచేతనే పాత నోట్ల వెనుక అయిదు రూపాయలు, పది రూపాయల చెల్లులు కనబడును. అవి అప్పు తీర్చుటకు ఇచ్చినవి కావు, నోటును బ్రతికించుటకు ఇచ్చినవి. అప్పిచ్చినవాడు మూడవయేట చివరి నెలలో ఇంటికి వచ్చి కూర్చుండుటయు, తీసికొనినవాడు లోపలికి పోయి పది రూపాయలు తెచ్చి సంతకము పెట్టుటయు ఒకప్పుడు పల్లెలలో సంక్రాంతివలె వచ్చిపోవు ముచ్చట. ఆ సంతకము పెట్టకుండ తప్పించుకొనదలచినవాడు ఆ నెలలో ఊరిలో దొరకడు.

ఈ మూడేండ్ల గడువు ఎందులకు? ఎగవేయువారికి సాయపడుట దాని ఉద్దేశము కాదు. ఏండ్లు గడచిన కొలది సాక్షులు చనిపోవుదురు, రసీదులు చెదలు తినును, తీర్చిన అప్పునకు మరల దావా వచ్చినచో ఎదుర్కొనుట కష్టమగును. పాతికేండ్లనాటి కాగితము నొకదానిని సృష్టించుట కూడ కొందరికి కష్టము కాదు. అందుచేత చట్టము ఒకచోట గీత గీసినది. కాని ఆ గీత దాటిన తరువాత ఏది పోవునను విషయములో చాలమందికి పొరపాటు కలదు. అప్పు పోదు. అప్పు రాబట్టుకొను దారి మాత్రమే మూసికొనిపోవును. న్యాయస్థానములు ఈ భేదమును పలుమారులు స్పష్టపరచినవి. కాలదోషము పట్టిన పిమ్మట ఋణస్థుడు తనంత తానుగ సొమ్ము చెల్లించి, చట్టము తెలియక ఇచ్చితిని, తిరిగి ఇప్పించుడని కోరినచో కోర్టు ఇప్పించదు. అతడు ఇయ్యవలసినదే ఇచ్చెను. అంతకంటె విశేషము 1872 నాటి కాంట్రాక్టుల చట్టములో నున్నది. ప్రతిఫలము లేని వాగ్దానము చెల్లదనునది ఆ చట్టములో సామాన్య సూత్రము. దానికి చెప్పిన మినహాయింపులలో, కాలదోషము పట్టిన అప్పును తీర్తునని వ్రాతమూలకముగ సంతకము చేసి ఇచ్చిన మాట ఒకటి. అది చెల్లును, దానిపై దావాయు వేయవచ్చును. చచ్చిన నోటును ఋణస్థుని మాట మరల బ్రతికింపగలదని చట్టమే ఒప్పుకొన్నదన్నమాట. ఇంతటి గౌరవమును మనిషి మాటకు చట్టము తరచుగ ఇయ్యదు.

మన భాషలో ఈ విషయమునకు సంబంధించిన మాటలు కొన్ని కలవు. వానిని మనము ఒకదానికొకటి బదులుగ వాడుచున్నాము గాని అవి ఒకటి కావు. మర్యాద యనగా మొదటి అర్థము హద్దు. సముద్రమునకు చెలియలికట్ట ఎట్టిదో మనిషికి మర్యాద అట్టిది. ఎవరును అడ్డు పెట్టకున్నను దాటనిది. ఆర్జవము ఋజుశబ్దమునుండి వచ్చినది, వంకర లేకుండుట. ఈ రెండును మనిషి లోపలివి. పరువు, ప్రతిష్ఠ అనునవి ఇరుగుపొరుగుల కన్నులలో నుండును. లోపలిది, వెలుపలిది కలిసియున్నంత కాలము చిక్కు లేదు. పరువు దండిగ నుండి ఆర్జవము లేనివారిని, ఆర్జవముండియు పరువు పోగొట్టుకొనినవారిని మనము చూచుచునే యున్నాము. కాలదోషము పట్టిన అప్పు ఈ రెంటిని విడదీసి చూపును. అడుగువాడు లేడు, అడిగినను గెలువడు, పలుచోట్ల సంగతి తెలిసినవాడే లేడు. అట్టిచోట ఇచ్చువాడు పరువుకొరకు ఇచ్చుచున్నాడని అనజాలము.

తండ్రి అప్పు మాట. హిందూ ధర్మశాస్త్రము పుత్రునకు పితృఋణము తీర్చు బాధ్యత విధించినది. జూదమునకో త్రాగుడునకో చేసిన అప్పులు తీర్చనక్కరలేదనియు చెప్పినది. శాస్త్రకారులకు తండ్రులను గూర్చి భ్రమలు లేవు. ఆంగ్ల ప్రభుత్వకాలపు న్యాయస్థానములు ఈ ధర్మమును న్యాయసూత్రముగ గైకొని, పితృస్వామ్యమైన ఉమ్మడి ఆస్తి మేరకు కొడుకులను బాధ్యులను చేసినవి. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినప్పుడు, కుమార్తెలకు సమాన హక్కు లిచ్చిన సెక్షనులోనే, ఆ సంవత్సరము సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు ఈ ధర్మబాధ్యత నాధారముగ గొని కొడుకుపైని మనుమనిపైని చర్య తీసికొను హక్కును కోర్టులు గుర్తింపరాదని చెప్పిరి. సంస్కరణ సబబైనదే. ధర్మము మరల ధర్మము చోటికే వచ్చినది. అమీనా చేతిలోనుండి జారి మనస్సాక్షి చేతిలో పడినది.

చిత్తరంజన్ దాసు సంగతి ఇచట చెప్పదగినది. ఆయన తండ్రి భువన మోహన దాసు కలకత్తాలో అటార్నీ. మిత్రులకు హామీ యుండి, చేతికి ఎముక లేక ఖర్చుపెట్టి అప్పులపాలయ్యెను. 1906లో తండ్రి కొడుకు లిరువురును దివాలా దాఖలు చేసిరి. దివాలా తీసినవానికి చట్టము రక్షణ కల్పించును, ఋణదాతలు పీడింపరాదు. తరువాత 1908-09లో అలీపురము బాంబు కేసులో అరవిందుని పక్షమున వాదించి చిత్తరంజనుడు పేరు గాంచెను, ఆదాయము పెరిగెను. 1913లో ఆయన పాత ఋణదాతల బాకీలు చెల్లించి వేసెను. చట్టము ఆయనను అడుగలేదు. దేశబంధు వని జనులు పిలుచుటకు ఇంకను చాల ఏండ్లున్నవి. బారిష్టరులలో ఆ ఏడేండ్లు దివాలాకోరను పేరు మోయుట ఎట్లుండెనో మనము ఊహించుకొనవలసినదే.

ఇంతవరకు చెప్పి ఊరకున్నచో నేను వడ్డీ వ్యాపారుల పక్షమున మాటలాడినట్లగును. పరువను మాటను బీదలపై ఝళిపించినంతగ ఏ కోర్టు వారంటును ఝళిపింపలేదు. 1938లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము మద్రాసు రాష్ట్రమున వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము తెచ్చినప్పుడు, 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొనిన వడ్డీని కొట్టివేసిరి. అసలునకు రెట్టింపు ఇదివరకే చెల్లించియున్నచో అప్పు తీరినట్లే యనిరి. అసలునకు రెట్టింపు కట్టిన రైతు ఆ చట్టము మరుగున నిలిచినచో మాట తప్పినవాడగునా? కాడనియే నా అభిప్రాయము. మాట ఇరువైపులది, కష్టములో నున్నవానిచేత వ్రాయించుకొనిన వడ్డీకి మాటయను గౌరవము ఎంతమాత్రము చెల్లునో ఆలోచింపవలసియున్నది.

మన కాలములో ఈ ఝళిపింపు ఇంకను నేర్పుతో సాగినది. సూక్ష్మఋణ సంస్థలు స్త్రీలను గుంపులుగ చేర్చి, ఒకరి వాయిదాకు మిగిలినవారిని పూచీదారులను చేసినవి. తాకట్టు లేని అప్పు అని దానికి పేరు. తాకట్టు లేకపోలేదు, పొరుగింటివారి యెదుట ఆమె ముఖము చూపగలుగుటయే తాకట్టు. ఆత్మహత్యల వార్తలు పెచ్చు పెరిగిన మీదట 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి ఆ వసూళ్ళను కట్టడి చేసినది. పిమ్మట ఫోను మీదుగ అప్పులిచ్చు యాపులు వచ్చినవి. ఫోనులోని బంధుమిత్రుల పేర్లన్నియు గ్రహించి, వాయిదా తప్పినచో వారికందరకును చాటింపు వేయుట వాటిలో కొన్నిటి పద్ధతి. రెండు మూడు వేల రూపాయలకు ప్రాణములు తీసికొనినవారు కలరు. వారికి ఆర్జవము లేక కాదు, అది మిక్కుటముగ నుండుటచేతనే ఆ పని చేసిరి. ఎగవేయ నెంచినవాడు చాటింపునకు చావడు.

పెద్దవారి అప్పులకు వేరు మర్యాద. లిమిటెడ్ కంపెనీ మునిగినచో వాటాదారుని ఇంటి సామాను ఎవరును ముట్టరు. ఆ కట్టుబాటు లేనిచో పెద్ద పరిశ్రమలు పుట్టియుండవు కూడ. ఇక సామాన్యుని పరువునకు ఇప్పుడొక అంకె వచ్చినది. బ్యాంకులు చూచు ఋణచరిత్ర సంఖ్య మూడువందలనుండి తొమ్మిదివందల వరకు నుండును. వాయిదాలు తప్పక కట్టినవానికి అది పెరుగును. జీవితములో ఎన్నడును అప్పు చేయనివానికి మాత్రము అంకెయే లేదు. అతని విషయములో యంత్రమునకు ఏమియు తోచదు. పూర్వము ఊరిలో అట్టివానికే అందరికంటె సులభముగ అప్పు పుట్టెడిది.

మా ఇంటి ముచ్చట యొకటి చెప్పి ముగింతును. మా తాతగారు ధాన్యపు వ్యాపారము చేసెడివారు. 1958లో హఠాత్తుగ పోయిరి. అప్పటికి మా పెదనాన్నగారికి పదునైదేండ్లు, మా తండ్రిగారికి ఎనిమిది. దుకాణము మూతపడినది. 2023లో పాత ఇల్లు విప్పించునప్పుడు ఆవర్జా పుస్తక మొకటి బయటపడగా, అందులో బండి తోలిన మనిషికి ఒక కారు కిరాయి క్రింద 240 రూపాయలు ఇయ్యవలసినట్లు పద్దు కనబడినది. చెల్లు లేదు. చేతిసొమ్ముగ ఇచ్చి వ్రాయుట మరచియుందురని పెదనాన్నగారు. తమ తండ్రి వ్రాయుట మరచిన పద్దు వేరొకటి చూపుమని మా నాయనగారు. ఇయ్యవలెనని చివరకు ఇరువురును ఒప్పుకొనినను ఎంత ఇయ్యవలెనను చిక్కు వచ్చినది. నూటికి నెలకు రూపాయి చొప్పున 65 ఏండ్లకు బారువడ్డీ 1872, అసలుతో 2112 రూపాయలు. మరి ఆ పుటలోనే ఆనాటి ధాన్యము ధర బస్తా పదునారు రూపాయలని యున్నది. ఆ లెక్కన బాకీ పదునైదు బస్తాలు. 2023 నాటి ప్రభుత్వపు మద్దతు ధరకు అవి 24,500 రూపాయలకు పైమాట. బండివాడు ఆ సొమ్ముతో ధాన్యమే కదా కొని తినియుండెడివాడని మా నాయనగారి వాదము.

విచారింపగా ఆయన మనుమడు దాపుననున్న పట్టణములో లారీ నడుపుచున్నాడని తెలిసినది. ముగ్గురమును వెళ్లితిమి. అతనికి మా పేరు తెలియును, బాకీ సంగతియు తెలియును. "మా నాయనమ్మ చెప్పేది. షావుకారు పోయారు, ఆ ఇంట్లో పిల్లలు చిన్నవాళ్ళు, ఎవరూ వెళ్ళి అడగకండి అంది. ఆమె వదిలేసిన డబ్బు నేనెట్లా తీసుకునేది?" అనెను. మా నాయనగారు చాలసేపు మాటలాడలేదు. కడకు ఆ ఇంటి ఇల్లాలు కలుగజేసికొని, పెద్దవారు ఇంత దూరము వచ్చిరి, అసలు మాత్రము పుచ్చుకొమ్మని భర్తకు చెప్పెను. అతడు 240 రూపాయలు లెక్కపెట్టి తీసికొని, మేము చూపినచోట ఆవర్జాలో చెల్లు వ్రాసి, తేదీ వేసి సంతకము చేసెను. అంతటితో బాకీ తీరినదని పెదనాన్నగారు. మా నాయనగారు మిగిలిన సొమ్మును వేరుగ మూటకట్టి బీరువాలో నుంచిరి. ఆ విషయమున మా ఇంట నేటికిని ఏకాభిప్రాయము లేదు.