కలరా టీకాకు కోల్‌కతా బస్తీలే పరీక్షాస్థలం

కోల్‌కతా: హుగ్లీ తీరాన కిదిర్‌పూర్ రేవును ఆనుకొని ఉన్న ప్రాంతం వాట్‌గంజ్. వర్తక మార్గాల వెంట 1817లో బెంగాల్ నుంచి కలరా దేశదేశాలకు పాకింది. ఆ వ్యాధికి టీకాను పరీక్షించినదీ ఈ నగరంలోనే.

వ్యాధిని తెచ్చిపెట్టకుండా రోగక్రిమి ఆనవాలును శరీరానికి పరిచయం చేయడమే టీకా పని. రోగనిరోధక వ్యవస్థ దానిని గుర్తుంచుకొని, అసలు క్రిమి ప్రవేశించినప్పుడు వేగంగా ఎదుర్కొంటుంది.

శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్ 1892లో కలరా టీకాను తొలుత తానే వేసుకున్నారు. 1894లో ఇక్కడి ఒక బస్తీలో సుమారు 200 మందిలో 116 మందికి వేశారు. ఆ తర్వాత అక్కడ కలరా సోకినవారంతా టీకా వేయించుకోనివారే.

నాటి టీకాలో ఉన్నవి సజీవ క్రిములు. నేడు టీకాలు పలు రకాలు. పోలియో చుక్కల్లో బలహీనపరచిన సజీవ వైరస్, రేబిస్ టీకాలో నిర్జీవ వైరస్ ఉంటాయి. ధనుర్వాతం టీకాకు ఆధారం విషగుణం తొలగించిన క్రిమి విషం. హెపటైటిస్-బి టీకాలో వైరస్‌లోని ఒక ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను విడుదల చేసింది. కొన్ని కోవిడ్ టీకాలు ప్రొటీన్ తయారీకి సూచనలిచ్చే ఎంఆర్‌ఎన్‌ఏను అందిస్తాయి.

నిర్జీవ క్రిములతో నోటి ద్వారా ఇచ్చే కలరా టీకాను 2006లో కోల్‌కతా బస్తీల్లో పరీక్షించారు. ఐదేళ్లలో 65 శాతం రక్షణ కనిపించింది. చిన్నపిల్లల్లో అది తక్కువ. ఈ టీకాకు 2009లో శాంతా సంస్థ అనుమతి పొందింది. అయితే రక్షణ సంపూర్ణం కానందున, టీకాతోపాటు శుభ్రమైన తాగునీరూ, మురుగు పారుదలా తప్పనిసరి.