మీకు తెలుసా? బ్రోకరు కమీషన్‌కు చట్టం పెట్టిన రేటు లేదు

తమిళనాడులోని ధర్మపురిలో ఇల్లు కొంటే బ్రోకరుకు ఎంత ఇవ్వాలో ఏ చట్టమూ చెప్పదు. అది ముందే మాట్లాడుకోవాల్సిన మొత్తం.

• లెక్క: 40 లక్షల ఇంటికి 1 శాతమైతే 40,000 రూపాయలు, 2 శాతమైతే 80,000. బ్రోకరుకు జీఎస్టీ నమోదు ఉంటే కమీషన్‌పై మరో 18 శాతం.

• నమోదు: 2016 స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 9వ సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంటు తానూ రెరాలో నమోదు కావాలి. కాకపోతే రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది ఆస్తి ధరలో 5 శాతం దాకా పెరగొచ్చు.

• ప్రభుత్వ వాటా: తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ఇవి కమీషన్‌లో కలవవు.

ఇళ్లు చూడడం మొదలుపెట్టకముందే కమీషన్ ఎంతో, ఎప్పుడు ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. డబ్బు ఇచ్చాక రసీదు తప్పక అడగండి.